ట్రైలరు ముందు ఆగాలి

కొత్తగా మెకానిక్కు పనిలో చేరిన కుర్రాళ్లు అప్పుడప్పుడు రేపల్లెలో మా ఇంటికి వస్తుంటారు. "తాతగారూ, మీ సర్వీసులో పెద్ద పని ఏంటండి?" అని అడుగుతారు. ఏ ఇంజనో ముక్కలు ముక్కలుగా విప్పి బిగించిన కథ చెబుతానని వాళ్ల ఆశ. నేను ట్రైలరు బ్రేకుల గురించి మొదలుపెడతాను. వాళ్ల ముఖాలు వాడిపోతాయి. వాడిపోనీ. పరిగెత్తించడం ఇంజను చేసే పని, అది ఎవడైనా చూసి చప్పట్లు కొడతాడు. ఆపడం మా పని, అది సరిగా జరిగినంతకాలం మా మొహం ఎవడూ చూడడు.

డెబ్బైల్లో బాపట్ల, పిట్టలవానిపాలెం, రేపల్లె చుట్టూ ధాన్యం మోసిన ట్రైలర్లలో నా చేయి పడనివి తక్కువ. గొప్ప చెప్పుకుంటున్నానంటే చెప్పుకుంటున్నాను. చెప్పుకోవడానికి నాకు హక్కుంది. ఆ హక్కు అరవైల చివర ఒక ఉదయం లాకుల వంతెన మీద వచ్చింది. అంతకుముందు నేను చేసిన ఘోరమైన తప్పు కూడా అక్కడిదే. రెండూ కలిపే చెబుతాను.

దొరగారి పెట్టె

తెనాలిలో వీరయ్య మేస్త్రి షెడ్డులో పని చేస్తున్నాను అప్పుడు. మేస్త్రికి చెవులే కళ్లు. బండి వీధి మలుపు తిరుగుతుండగానే ఏ బేరింగు పోయిందో చెప్పేవాడు. కానీ కరెంటు పనంటే మాత్రం ఒళ్లుమంట.

"కనపడని దాన్ని నేను నమ్మనురా దానియేలూ" అనేవాడు.

"దేవుడు కనపడతాడా మేస్త్రీ?"

"దేవుడు వైర్లు కాల్చడు" అనేవాడు.

ఆ రోజుల్లో మా ప్రాంతంలో ఒక అమెరికా డాక్టరు దొరగారు ఉండేవారు. పికప్పు బండికి వెనక ట్రైలరు తగిలించుకుని, అందులో మందులు పెట్టుకుని పల్లెలు తిరిగేవారు. స్వదేశం వెళ్లిపోతూ ఆ రెండింటినీ రేపల్లె అవతల సముద్రం ఒడ్డున ఉన్న ఒక చేపల పల్లెకు ఇచ్చేశారు. పల్లెవాళ్లు సంబరపడ్డారు. అప్పటిదాకా వాళ్ల చేపలు ఎద్దుబండ్ల మీద రేపల్లె స్టేషనుకు వెళ్లేవి. రైలు అందితే తెనాలి చేరేవి, అందకపోతే కాకులపాలు. ఇప్పుడు పికప్పులో చేపలూ, ట్రైలరులో ఐసు బుట్టలూ, వాటి మీద అమ్మకానికి వెళ్లే ఆడవాళ్లూ. ఇదీ వాళ్ల ఆలోచన. ట్రైలరు పైన ఉన్న మందుల గది పీకేసి చెక్కల అడుగు వేయమని మా షెడ్డుకు తెచ్చారు.

బండిది ఎడమవైపు స్టీరింగు. దాని కింద టిఫిన్ డబ్బా అంత ఇనప పెట్టె ఒకటి ఉంది. పెట్టెకు ఒక చిన్న లీవరు, ఒక మర. వైర్లు అందులోంచి ట్రైలరు దాకా వెళ్లాయి.

"తీసి అవతల పారెయ్" అన్నాడు మేస్త్రి.

"వారం ఆగు మేస్త్రీ" అని బతిమాలాను. దొరగారు ఇంకా ఊళ్లోనే ఉన్నారని తెలిసి పరిగెత్తుకుంటూ వెళ్లాను. ఆయన సామాను సర్దుకోవడం ఆపి, తన వచ్చీరాని తెలుగులో నాకు మధ్యాహ్నమంతా చెప్పారు.

కాలితో బ్రేకు తొక్కితే ఆ నూనె ఒత్తిడి పెట్టెలోకి కూడా వెళుతుంది. ఎంత తొక్కితే అంత కరెంటు ట్రైలరు చక్రాల్లో ఉన్న అయస్కాంతాలకు అందుతుంది. అవి బ్రేకు పట్టిస్తాయి. మెల్లగా తొక్కితే మెల్లగా, గట్టిగా తొక్కితే గట్టిగా. మర తిప్పితే బరువును బట్టి ఎక్కువ తక్కువలు పెట్టుకోవచ్చు. లీవరు లాగితే ట్రైలరు ఒక్కటే ఆగుతుంది, బండి బ్రేకు పట్టదు. దొరగారు చివరికి నా భుజం మీద చెయ్యేసి, "ట్రైలరు ముందు ఆగాలి. బండి తర్వాత" అన్నారు. వెనకది ముందు ఆగకపోతే అది ముందుదాన్ని తోస్తుంది, పక్కకు తిరుగుతుంది, రెండూ కత్తెరలా ముడుచుకుంటాయి.

నాకు అర్థమైందనుకున్నాను. సగమే అర్థమైంది.

బాపట్ల రోడ్డు

మొదటి తప్పు చిన్నది. ఖాళీ ట్రైలరు తగిలించుకుని, మర పూర్తిగా పైకి తిప్పి, బాపట్ల దాకా వెళ్లొద్దామని బయలుదేరాను. ఎంత ఎక్కువ బ్రేకు ఉంటే అంత మంచిదని నా తెలివి. నేను కాలు ఆనించినప్పుడల్లా వెనక చక్రాలు బిగుసుకుపోయి రోడ్డు మీద ఈడ్చుకుంటూ వచ్చాయి. ముందు సీట్లో కూర్చున్న నాకు ఏమీ తెలియలేదు. ఆహా, ఎంత బాగా ఆగుతోందో అని మురిసిపోయాను. బాపట్లలో టీ తాగడానికి దిగి చూస్తే రెండు టైర్లూ అక్కడక్కడ అరిగి పలకలు తేలి ఉన్నాయి.

మేస్త్రి తిట్టలేదు. మర్నాడు తానే స్టీరింగు ముందు కూర్చుని నన్ను ట్రైలరు మీద కూర్చోబెట్టాడు. బ్రేకు తొక్కినప్పుడల్లా నా పళ్లు టకటకలాడాయి. తిరిగొచ్చాక చెప్పాడు: "ముందు సీట్లో కూచున్నోడికి బ్రేకు గురించి ఏం తెలుస్తుందిరా? ఎనకాల కూచున్నోణ్ణి అడగాలి. ఆగిన సంగతి ఆడికి తెలీకుండా ఆగితే అదీ బ్రేకు."

కరెంటును నమ్మని మనిషి ఆ పెట్టె గురించి నాకు చెప్పిన పాఠం అదొక్కటే. దొరగారు చెప్పినదానికంటే అదే పెద్దది. ఆ వారం కొత్త చెక్కల అడుగు కింద పాత వైర్లు పీకి నేనే కొత్తవి వేశాను. ఇసక బస్తాలు వేసి, తీసి, మళ్లీ వేసి, మర సరిచేశాను. ట్రైలరు బుద్ధిగా ఆగడం మొదలుపెట్టింది. పల్లెకు అప్పగించాను.

బండి నడపడానికి పల్లెవాళ్లు ఎంచుకున్న మనిషి ఏడుకొండలు. పాతికేళ్లవాడు, అంతకుముందు వాళ్ల పెద్ద పడవకు చుక్కాని పట్టేవాడు. స్టీరింగు పట్టిన తొలి మనిషి ఆ పల్లెలో అతనే. రెండు నెలలు ఒక్క రైలూ తప్పకుండా చేపలు తోలాడు. రేపల్లె స్టేషనులో కూలీలు బండి హారను విని గడియారాలు సరిచేసుకుంటున్నారని వేళాకోళం ఆడేవాళ్లు.

లాకుల దగ్గర

పల్లె నుంచి రేపల్లె వచ్చే దారిలో కాలవ మీద నీళ్లు ఆపి వదిలే లాకులున్నాయి. వంతెన ఎత్తుగా ఉంటుంది. ఎక్కాక దిగుడు నిటారుగా ఉండి, దిగగానే రోడ్డు కాలవ కట్ట వెంట పక్కకు తిరుగుతుంది. ఒకరోజు ఉదయం ఏడుకొండలు నిండు బరువుతో ఆ దిగుడులో బ్రేకు తొక్కాడు. ట్రైలరు ఆగలేదు. బండిని తోసుకుంటూ వచ్చి, పక్కకు తిరిగి, కట్ట మీద బోల్తా పడింది. ఐసూ బుట్టలూ కాలవలోకి వెళ్లిపోయాయి. పైన కూర్చున్న తిరుపతమ్మ అనే ఆవిడ ఎగిరిపడింది. కాలు విరిగింది. మిగతా ఇద్దరు ఆడవాళ్లకు గీరుకుపోవడంతో సరిపోయింది.

నాకు కబురొచ్చింది. మధ్యాహ్నం రైలుకు వెళ్లాను. అప్పటికి ట్రైలరును ఎద్దులతో పైకి లాగి, ముందు భాగం రాయి మీద ఎత్తి నిలబెట్టారు. పల్లె సగం అక్కడే ఉంది. నేను బ్యాటరీ తెచ్చి, రెండు వైర్లు తీసుకుని నేరుగా చక్రాల అయస్కాంతాలకు తగిలించాను. చక్రం తిప్పబోతే కదల్లేదు. బ్రేకు బ్రహ్మాండంగా పట్టింది.

"బ్రేకులో ఏ లోపమూ లేదు" అన్నాను, అందరూ వినేలా.

ఆ మాటకు అర్థం ఏమిటో అన్నాక కానీ తెలియలేదు. బ్రేకులో లోపం లేదంటే లోపం తొక్కినవాడిలో ఉన్నట్టు. జనమంతా ఏడుకొండలు వైపు తిరిగారు. తాగాడన్నారు. నిద్రపోయాడన్నారు. అతను వాదించలేదు. నా దగ్గరకు వచ్చి మెల్లగా, "తొక్కానన్నా. రెండు కాళ్లతో తొక్కాను" అన్నాడు.

నేను తల తిప్పుకున్నాను. ఆ తల తిప్పడం ఈనాటికీ నన్ను గుచ్చుతుంది.

పల్లె పెద్ద కొండయ్య. తగువులు తీర్చేది ఆయనే. ఆ సాయంత్రమే మనుషుల్ని కూర్చోబెట్టాడు. మెకానిక్కే చెప్పాక ఇంకేం విచారణ? ఏడుకొండలు ఇకనుంచి స్టీరింగు పట్టకూడదు, పడవలో చుక్కానీ పట్టకూడదు. మనుషుల ప్రాణాలు అతని చేతిలో పెట్టేది లేదు. చేపల పల్లెలో చుక్కాని పట్టొద్దన్న మనిషి వల మోయడానికి మాత్రమే పనికొస్తాడు. వారం తర్వాత, ఆదివారం నాడు, అందరి ముందూ తీర్పు ఖాయం చేస్తామన్నారు. నాకు ఈ సంగతి మర్నాడు షెడ్డులో తెలిసింది.

ఎర్రదీపం

నా మనసులో ఒకటే పీకులాట. బ్రేకు బాగుంది. అతను అబద్ధం ఆడే మనిషి కాదు. రెండూ నిజమైతే మధ్యలో ఏదో ఉండాలి.

మేస్త్రి మాట గుర్తొచ్చింది. వెనక కూర్చున్నవాళ్లను అడగాలి. నేనేమో ముందు కూర్చున్నవాణ్ణి కూడా సరిగా అడగలేదు.

తిరుపతమ్మ ఇంటికి వెళ్లాను. యాభై దాటిన మనిషి. గడప పక్కన నులకమంచం మీద కాలు చాపుకుని, వెదురు బద్దల కట్టుతో, అటూ ఇటూ పోయేవాళ్లందరినీ తిడుతూ కూర్చుని ఉంది. నన్ను చూసి, "ఏంటయ్యా, బ్రేకు బాగుందన్న మెకానిక్కువి నువ్వేనా? నా కాలూ బాగుందని చెప్పిపో" అంది.

"చెప్పడానికి రాలేదమ్మా, అడగడానికి వచ్చాను. ఆ రోజు వెనకాల మీకేం తెలిసింది?"

"ఏం తెలుసుద్ది? పడ్డాక తెలిసింది." చాపిన కాలు సర్దుకుంది. "ఒకటి మాత్రం ఉందయ్యా. నేను ఎప్పుడూ ఎనక్కి తిరిగి కాళ్లేలాడేసి కూచుంటాను. ఏడుకొండలు బ్రేకు తొక్కినప్పుడల్లా నా పాదాల కాడ ఎర్రదీపం ఎలుగుద్ది, చీర అంచు ఎర్రగా కనపడుద్ది. ఆ పొద్దు ఊళ్లోంచి లాకుల దాకా ఒక్కసారి కూడా ఎలగలేదు."

దీపానికీ బ్రేకుకూ వైర్లు వేరు. రెండూ ఒకేసారి చావవు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే: కరెంటు తిరిగి బండిలోకి వెళ్లే దారి. దానికి నేను వైరు వేయలేదు. బండి వెనక ఇనప గుండూ, దాని మీద కూర్చునే ట్రైలరు గిన్నే తాకుతూ ఉంటాయి కదా, ఇనుము ఇనుమును తాకితే కరెంటు దానిలోంచే తిరిగి వెళుతుందని వదిలేశాను. తెనాలిలో వెళ్లింది కూడా.

లాకుల దగ్గరకు పరిగెత్తాను. ట్రైలరు గిన్నెలో వేలు పెట్టాను. ఇనుము తగల్లేదు. నున్నగా, నల్లగా, గట్టిగా ఎండిన పూత తగిలింది. చాకుతో గీస్తే కింద ఇనుము తెల్లగా మెరిసింది. పక్కనే నిలిపిన బండి గుండుకూ అదే పూత. రెండింటినీ కలిపే గొలుసుకూ అదే.

తిరిగి తిరుపతమ్మ దగ్గరకు వచ్చి అడిగాను. ఆవిడ గర్వంగా చెప్పింది. ఆ పల్లెలో పడవకు ఏటా జీడినూనె పూస్తారు. వేటపాలెం నుంచి తెప్పించే నూనె, జీడిగింజల పెంకుల్లోంచి తీసింది. ఎండితే ఉప్పునీరు లోపలికి పోదు. బండి కూడా మన పడవే కదా అని, ఆ ప్రమాదానికి మూడు రోజుల ముందు ఆడవాళ్లు ఆరుగురు కూర్చుని ట్రైలరును విప్పి, అడుగు నుంచి గిన్నె లోపలిదాకా, వెనక గుండుతో సహా, మూల మూలకీ పూశారు. రెండు రోజులు ఎండబెట్టి, మూడో రోజు పసుపూ కుంకుమా పెట్టి బయటకు తీశారు.

"నేనే దగ్గరుండి పూయించాను. ఒక్క చోటు వదల్లేదు" అంది.

ఉప్పుకు తుప్పు పడుతుందని అంత ప్రేమగా చేశారు. ఆ ప్రేమే కరెంటు దారి మూసేసింది. నేను వైర్లు తీసుకెళ్లి నేరుగా చక్రాలకు తగిలించాను కాబట్టి ఆ లోపం నా పరీక్షలో కనపడనే లేదు.

షెడ్డుకు వెళ్లి మేస్త్రికి చెప్పాను. ఆయన గడ్డం గీరుకున్నాడు. "ఇంకేం, గట్టున పడ్డావు. ఆడోళ్లు నూనె పూశారని చెప్పు. నీ మీద మాట రాదు."

"నూనె పూస్తే చెడిపోయేలా కట్టింది ఎవరు మేస్త్రీ?"

ఆయన "నువ్వే" అన్నాడు. "అయితే పోయి చెప్పు. నేనూ వస్తాను."

ఆదివారం

మా చర్చిలో ఆరాధన మానేసి వెళ్లాను. అమ్మ సణిగింది. ఈ పనీ అలాంటిదేనని చెప్పాను.

సముద్రపు గాలికి వలలు ఆరేసిన చోట అందరూ కూర్చున్నారు. ఏడుకొండలు ఒక వారగా, తల దించుకుని ఉన్నాడు. కొండయ్య నన్ను మాట్లాడమన్నాడు. అంతమందిలో నేను తప్పు చేశాను అనడం అంత తేలిక కాదు, అందులోనూ పనివాడికి.

"లోపం లేదని నేను చెప్పింది తప్పండి. ఏడుకొండలు బ్రేకు తొక్కాడు. బ్రేకుకు కరెంటు అందలేదు. తిరుగు దారికి ఒక వైరు వేయాల్సింది, నేను వేయలేదు. మీరు మీ వస్తువును మీ పద్ధతిలో కాపాడుకున్నారు. ఉప్పుగాలిలో తిరిగే బండికి పూత పూస్తారని నాకు తెలిసుండాల్సింది. అడిగి తెలుసుకోకుండా కట్టాను. తప్పు నాది" అన్నాను.

గుసగుసలు మొదలయ్యాయి. ఒకాయన లేచి, "ఇయ్యాల ఇట్టా అంటున్నావు, మొన్న అట్టా అన్నావు. ఏది నమ్మాలయ్యా?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే.

"నా మాట నమ్మొద్దండి. బండిని చూసి నమ్మండి" అన్నాను.

అంతకుముందు మూడు రోజులూ కూర్చుని పని చేశాను. బండి నుంచి ట్రైలరు దాకా వేలెడు మందం తిరుగు వైరు వేశాను. ఒకటి తెగినా పని జరగాలని, దాని పక్కన రెండోది. గిన్నెతోగానీ గుండుతోగానీ కరెంటుకు పని లేదు, ఇక వాటికి జీడినూనె పూసుకున్నా, తేనె పూసుకున్నా ఫరవాలేదు. ఎర్రదీపం పెద్దది చేసి బిగించాను. లీవరు లాగినా అది వెలుగుతుంది.

కొండయ్య తీర్పు మార్చాడు. నిండు బరువుతో, అదే లాకుల దిగుడులో, ఏడుకొండలే నడపాలి. సగం దిగుడులో ఆపాలి. ట్రైలరు వంకర తిరక్కుండా ఆగితే స్టీరింగూ, చుక్కానీ రెండూ అతనివే. ఆగకపోతే మొదటి తీర్పే ఖాయం.

"మరి బుట్టల మీద ఎవరు కూచుంటారు? ఒట్టి బుట్టలు ఆగితే ఏం లాభం?" అన్నాడొకడు.

నేను కూర్చుంటానని నోరు తెరిచాను. అంతలో మంచం మీద మోసుకొచ్చిన తిరుపతమ్మ గొంతు వినపడింది. "నన్ను ఎక్కించండి."

"నీకు మతి పోయిందా అక్కా?" అన్నాడు కొండయ్య.

"పూసింది నేను. పడింది నేను. కూచునేదీ నేనే. ఆ పిల్లోడు తొక్కానంటే మీరెవరూ నమ్మలా. నేనూ నమ్మలా. అది నా మనసులో ఉంది."

దిగుడు

అందరూ లాకుల దగ్గర పోగయ్యారు. నలుగురు ఆడవాళ్లు తిరుపతమ్మను బుట్టల మధ్య, కాలు కింద గోనెలు పెట్టి, వెనక్కి తిరిగేలా కూర్చోబెట్టారు. ఏడుకొండలు స్టీరింగు ముందు ఎక్కాడు. నేను పక్కన కూర్చోబోతే మేస్త్రి చొక్కా పట్టుకుని లాగాడు. "దిగు. ఇది ఆడి బండి."

బయలుదేరే ముందు ఏడుకొండలు నేను చెప్పినట్టే చేశాడు. బండిని నెమ్మదిగా కదిలించి, లీవరు ఒక్కటే లాగాడు. ట్రైలరు వెనక్కి గుంజింది. వెనకాల నుంచి తిరుపతమ్మ అరిచింది: "ఎలిగింది!"

తర్వాత ఆ పల్లెలో అదే అలవాటైపోయింది. వెనక కూర్చున్న ఆడవాళ్లు "ఎలిగింది" అంటేనే బండి కదిలేది. నేను డెబ్బైల్లో బ్రేకులు బిగించిన ప్రతి ట్రాక్టరు డ్రైవరుకూ ముందు కదిలించి, లీవరు లాగి చూసుకోమని చెప్పాను. వినని వాళ్ల ట్రైలర్లకు పని చేయనని మొండికేశాను. మీరూ మొండికేయండి. ఎవడైనా బ్రేకు బాగుందని చెబితే ఏ దారిలో చూశావని అడగండి. లోపం ఎక్కడుందో తెలియకముందు మనిషి మీద వేలు చూపించకండి.

బండి వంతెన ఎక్కింది. దిగుడు మొదలైంది. నేను కళ్లు మూసుకుందామనుకున్నాను, మూయలేకపోయాను. సగం దిగుడులో ఏడుకొండలు కాలు ఆనించాడు. ముందు ట్రైలరు పట్టింది. దాని వెంటే బండి. రెండూ తాడు గుంజి కట్టినట్టు ఒకే వరసలో నిలిచిపోయాయి. ఒక్క బుట్ట ఒరగలేదు. ఐసు నీళ్లు మాత్రం చెక్కల సందుల్లోంచి టపటపా రోడ్డు మీద పడుతున్నాయి.

తిరుపతమ్మ రెండు చేతులతో బుట్టల అంచులు పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. ఆవిడ గొంతు ఒక్కటే గట్టిగా వినపడింది.

"ఏరా ఏడుకొండలూ, ఎంతసేపురా? ఎప్పుడు ఆపుతావు?"

కట్టంతా ఒక్కసారిగా నవ్వింది. ఏడుకొండలు స్టీరింగు మీద తల వాల్చి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. వీరయ్య మేస్త్రి నా పక్కన నిలబడి, నా వీపు మీద చెయ్యేసి, "ఆగిందిరా" అన్నాడు.